కడప ముస్లింల మీద పరిశోధనకు కూర్చునే ముందు

కడప

చిరంజీవి అమ్మాయికి,

నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని, రాయలసీమ ముస్లింల స్థితిగతుల మీద పని చేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది తల్లీ. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాడిని, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన ముస్లింని. రెండు విధాలా ఈ విషయం నాకు దగ్గరిది. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

ముందు ఆ టైటిల్ మార్చు. రాయలసీమ ముస్లింలందరినీ ఒక ముద్ద చేసి రాయడం మొదలుపెడితే ఏ ఒక్కరి గురించీ రాయలేవు. మా మసీదులో ఒకే వరుసలో నమాజుకు నిలబడే ముగ్గురిని తీసుకో. ఒకరు దూదేకుల, ఆయనది బీసీ-బి సర్టిఫికెట్. పక్కన షేక్, 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్, బీసీ-ఇ. ఆ పక్కన సయ్యద్, ఆయనకు బీసీ సర్టిఫికెట్టే లేదు. దూదేకుల ఇంట్లో తరతరాలుగా మాట్లాడేది తెలుగు, మిగతా ఇద్దరి ఇళ్లలో మన దక్కనీ ఉర్దూ. పెళ్లి సంబంధాల మాట వస్తే ఈ ముగ్గురూ ఎంత దూరం జరుగుతారో వాళ్ల ఇళ్లలో కూర్చుంటే తెలుస్తుంది. జనాభా లెక్కల్లో మాత్రం ముగ్గురూ ఒకే గడిలో పడతారు. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద 17.22 కోట్ల మంది, 14.2 శాతం అని ఉంటుంది. ఆ అంకె నిజమే కానీ నీ పనికి అది ప్రహరీగోడ లాంటిది, లోపల ఎన్ని ఇళ్లున్నాయో చెప్పదు. ముస్లింల స్థితిగతులు చూడమని కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006 నివేదికలో ముస్లిం ఓబీసీలను విడిగా చూసిన అధ్యాయం ఉంది. మిగతావి తర్వాత, ముందు అది చదువు.

కాబట్టి ఒక పేట పట్టుకో, లేదా ఒక పని పట్టుకో. అంతకన్నా పెద్దది వద్దు. గైడు ఒప్పుకోకపోతే వాదించు.

అలాగని కడప దాటి చూడొద్దని కాదు. ముస్లింలు తక్కువ సంఖ్యలో ఉన్న దేశాల గురించి వరసగా అధ్యయనం చేయడం కోసమే మన దేశంలో పుట్టిన సయ్యద్ జైనుల్ ఆబిదీన్ 1978లో జిద్దాలో ఒక సంస్థ పెట్టాడు. మరుసటి ఏడు మొదలైన దాని పత్రిక ఇప్పటికీ వస్తోంది. ప్రపంచ ముస్లింలలో సుమారు ఐదో వంతు మంది మైనారిటీగా బతుకుతున్నారని 2009లో అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ లెక్క కట్టింది. వాళ్లలో ఎక్కువమంది మన దేశంలోనే ఉన్నారు. ఆ పత్రిక పాత సంచికలు తిరగేస్తే నీకు ఒకటి కనబడాలి. ఏ ప్రభుత్వం ఎలా లెక్కిస్తే పరిశోధకుడికి సమాజం అలా కనిపిస్తుంది. చైనాలో హుయీలు చైనీసు మాట్లాడే ముస్లింలు, వాళ్లను ప్రభుత్వం ఒక జాతిగా గుర్తించి లెక్కిస్తుంది. ఫ్రాన్సు జనాభా లెక్కల్లో మతం అడగనే అడగరు. బ్రిటన్‌లో 2001 నుంచి అడుగుతున్నారు. ఇక్కడ మనకు ఇంగ్లీషువాళ్ల కాలం నుంచీ మతం గడి ఉంది. 1875లో గ్రిబుల్ దొర రాసిన కడప జిల్లా మాన్యువల్, 1886లో నరహరి గోపాలకృష్ణమ సెట్టి రాసిన కర్నూలు మాన్యువల్ చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకో. అవి కలెక్టరు ఆఫీసు కళ్లతో చూసినవి. లోపలి మనిషి రాసింది కావాలంటే ఏలూరు వైపు జాఫర్ షరీఫ్ దక్కనీలో రాసిన ఆచారాల పుస్తకం ఉంది, డాక్టర్ హెర్‌క్లాట్స్ దాన్ని ఇంగ్లీషు చేసి 1832లో అచ్చు వేయించాడు.

ఇక ఉగాది సంగతి. నువ్వు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి పోతావని నాకు తెలుసు. పో. ముస్లింలు టెంకాయలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు, స్వామిని పెళ్లాడిందని చెప్పుకునే ముస్లిం అమ్మాయి బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపిల్ల అంటారు, వెంకటేశ్వరుడు అల్లుడంటారు. ప్రతి ఏడూ పేపర్లో ఫోటో పడుతుంది, దాని కింద మతసామరస్యం అని రాస్తారు, అక్కడితో అయిపోతుంది. నీ పని అక్కడ మొదలు కావాలి. ఏ పేటల నుంచి వస్తున్నారు, వాళ్ల పిల్లలు వస్తున్నారా, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు, అది తప్పని చెప్పే మౌల్వీ ఏమంటాడు? ఆ మౌల్వీని విలన్ చేయొద్దు. ఆయనకూ తన మతం గురించి ఆలోచన ఉంది, అది పూర్తిగా విని రాయి. అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. ఇలాంటి పండుగల దగ్గర ఓపికగా కూర్చుంటే ఏం దొరుకుతుందో అందులో చూడొచ్చు.

నన్నడిగితే నీకు అన్నిటికన్నా మంచి అంశం కువైట్. కడప, రాయచోటి వైపు నుంచి ఇంటి పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లలో ముస్లింలు ఎంతోమంది. ఇక్కడ ఆమె మైనారిటీ. అక్కడ దిగగానే చుట్టూ తన మతంవాళ్లే, ఐదుపూటలా అజాన్ వినిపిస్తుంది. కానీ వీసా కఫీలు, అంటే పనికి పిలిపించుకున్న యజమాని చేతిలో, చాలాసార్లు పాస్‌పోర్టు కూడా. పక్క ఇంట్లో పనిచేసే మన ఊరి హిందూ ఆమెకూ ఇదే గతి. మతం ఒకటైనంత మాత్రాన ఆమె స్థానం మారిందా? తిరిగొచ్చాక ఇక్కడి బురఖా, ఇక్కడి పెళ్లి ఖర్చు, ఇల్లు కట్టుకునే పేట, వీటిలో ఏం మారింది? తక్కువ సంఖ్యలో ఉండటం ఎక్కడ బరువవుతుంది, పేదరికం ఎక్కడ బరువవుతుంది అన్నది వేరుచేసి చూపడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు. చాలామంది పుస్తకాలు రాసి కూడా ఈ రెండింటినీ కలిపేశారని నా బాధ.

ముస్లింలను మాత్రమే అడిగి వచ్చేయకు. నువ్వు నన్ను మామా అంటావు, మీ అమ్మ మా ఇంటి ఆమెను వదినా అంటుంది. సీమలో ఈ వరసలు నిజమైనవి. ఇదే ఊళ్లో పేరు వినగానే అద్దెకు ఇల్లు లేదనే ఓనర్లూ ఉన్నారు, అదీ నిజమే. రెండూ ఒకే మనిషి నోట వినబడతాయి. అందుకని ఓనర్లతో, పక్కింటివాళ్లతో, బజారులో కలిసి వ్యాపారం చేసేవాళ్లతో కూడా మాట్లాడు. నీది హిందూ పేరు కాబట్టి నాతో అననివి నీతో అంటారు. అవి దాచకుండా రాయి, కానీ ఎవరు అన్నారో తెలిసేలా రాయకు.

ఇళ్లలోకి పోయేటప్పుడు కొన్ని చూసుకో. రంజాన్ నెలలో సాయంత్రం పూట ఇంటర్వ్యూ అడగొద్దు, ఆడవాళ్లకు ఇఫ్తార్ పని తల మునకలుగా ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడుగు, వద్దంటే నోట్స్ కూడా వాళ్ల ముందు రాయొద్దు. అబ్బాయిల మీద కేసుల సంగతి నువ్వు ఎత్తకు, వాళ్లే చెప్తే పేరు, పేట, సంవత్సరం మూడూ మార్చు. పరిశోధన పేరు చెప్తే పోలీసులేమోనని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు, తప్పు వాళ్లది కాదు. నీకు ఉర్దూ లిపి రాదు కాబట్టి దర్గా, వక్ఫు కాగితాలు చదివించుకోవాలి. కర్నూలులో ఉర్దూ యూనివర్సిటీ ఉంది, అక్కడి విద్యార్థి ఎవరైనా సాయం చేస్తారు. డబ్బులు ఇవ్వకుండా మాత్రం చేయించుకోకు. ఆ లోపు దక్కనీ మాట్లాడటం నేర్చుకో, మీ అత్త నేర్పిస్తానంటోంది.

సినాప్సిస్ ఇచ్చేముందు ఒక్క పేజీలో నీ ప్రశ్న రాసి నాకు పంపు. ప్రశ్న ఒక్కటే ఉండాలి. తెలుగులో రాయి, ఎందుకంటే దాన్ని నేను మా పేటలో కువైట్ వెళ్లొచ్చిన ఇద్దరు ఆడవాళ్లకు చదివి వినిపిస్తాను. వాళ్లకు అర్థం కాకపోతే ఇంకోసారి రాద్దువు.

మీ నాన్నను అడిగినట్టు చెప్పు.

మీ మామ