గేర్ సరిగా దిగలేదని కెప్టెన్ పిలిస్తే

చెల్లీ,

విమానంలో క్యాబిన్ సిబ్బందిగా కొత్తగా చేరావు, గేర్ (విమానం దిగడానికి వాడే చక్రాలు, వాటి కాళ్లు) సమస్య వస్తే ఏం చేయాలక్కా అని అడిగావు కదా. పొగ, మంటల్లాగా ఇది మీద పడి తరమదు, చాలాసార్లు చేతిలో టైముంటుంది. 2005 సెప్టెంబరులో జెట్‌బ్లూ 292 విమానానికి ముందు చక్రాలు 90 డిగ్రీలు పక్కకు తిరిగి ఉండిపోయాయి. ఆ ఎయిర్‌బస్ ఎ320 విమానంలో ఇంధనాన్ని గాల్లో పారబోసే వీలు లేదు కాబట్టి, అది ఖర్చయ్యేదాకా గంటల తరబడి చక్కర్లు కొట్టి లాస్ ఏంజెలెస్‌లో దిగారు, 146 మందిలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అలా చక్కర్లు కొడుతుండగా జనం సీటు ముందున్న టీవీల్లో తమ విమానం గురించే వార్తలు చూశారు. అలాంటి చోట నువ్వు "ఏం లేదండీ" అని నవ్వేస్తే ఇంకేం చెప్పినా నమ్మరు, తెలిసినంత వరకు ఉన్నదున్నట్టు చెప్పెయ్.

కెప్టెన్ పిలిచినప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకో: సమస్య ఏంటి, ఎలా దిగబోతున్నాం, ఎంత టైముంది, ప్రత్యేకంగా ఏమైనా చేయాలా. రాసుకున్నది ఆయనకే తిరిగి చదివి వినిపించు, వాచీలు కలుపుకోండి. నేను మొదటిసారి గుర్తుంటుందిలే అనుకుని రాసుకోలేదు, గ్యాలీలోకి (విమానంలోని వంటగదిలోకి) వచ్చేసరికి ఇరవై నిమిషాలన్నారో ముప్ఫై అన్నారో మర్చిపోయి సిగ్గుపడుతూ మళ్లీ ఫోన్ చేశాను.

తర్వాత క్యాబిన్ పని నీకు తెలిసిందే, బ్యాగులు సర్దించడం, గ్యాలీ లాచ్‌లు (గడియలు) బిగించడం, హైహీల్స్ విప్పించడం. బ్రేస్ పొజిషన్ (దెబ్బ తగలకుండా ముందుకు వంగి కూర్చునే తీరు) మాత్రం నోటితో చెప్పి వదిలెయ్యకు, ఒక్కొక్కరి చేత చేయించు. ఒళ్లో పిల్లలున్నవాళ్ల దగ్గర, గర్భిణుల దగ్గర, వయసు పైబడినవాళ్ల దగ్గర ఇంకో నిమిషం ఎక్కువ ఆగు. తలుపు దగ్గర సాయానికి గట్టి మనుషుల్ని ముందే ఎంచుకుని, నాకేమైనా అయితే తలుపు ఇలా తెరవాలి అని కూడా చూపించు. అది విని వాళ్ల ముఖం పాలిపోతుంది, అయినా చెప్పాల్సిందే.

చాలామంది కొత్తవాళ్లు మర్చిపోయేది విమానం ఆగాక ఒరిగి ఉంటుందన్న సంగతి. ముందు గేర్ కుంగితే తోక పైకి లేస్తుంది, వెనక తలుపు స్లైడ్ (జనం జారి దిగే గాలి జారుడుబల్ల) నిట్టనిలువుగా వేలాడొచ్చు, అసలు నేలకే అందకపోవచ్చు. ఒక పక్క గేర్ పోతే రెండో పక్క తలుపులు ఎత్తులో ఉంటాయి, ఒరిగిన పక్క ఇంజిన్ నేలకు రాసుకుని మంట వచ్చే ప్రమాదం ఉంది. అందుకే జంప్‌సీట్లో (తలుపు దగ్గరుండే మన సీట్లో) కూర్చున్నాక, నా తలుపు పనికిరాకపోతే వీళ్లందర్నీ ఎటు పంపాలి అన్నది ముందే మనసులో అనుకో. తెరిచే ముందు అద్దంలోంచి బయటికి చూడు. బ్యాగు కోసం లేచినవాడి మీద మొహమాటం లేకుండా గట్టిగా కేకలెయ్యి.

ఇంకోటి, ఆగగానే ఖాళీ చేయించడమే పని అనుకోకు. జెట్‌బ్లూ వాళ్లకు స్లైడ్లే అక్కర్లేదు, మెట్లు తెచ్చి పెడితే దిగి వెళ్లారు. కెప్టెన్ ఆర్డర్ కోసం ఆగు. మంటో పొగో కళ్ల ముందు కనబడుతూ, ఎంత ప్రయత్నించినా కాక్‌పిట్ నుంచి జవాబు రాకపోతే మాత్రం నువ్వే మొదలుపెట్టు, తర్వాత ఎవరేమడిగినా చెప్పుకోవచ్చు.

— మీ అక్క