12 వోల్టుల డీసీ నుంచి మైనస్ 1000 వోల్టులు ఎలా వస్తాయి?

అతి తక్కువ కాంతిని కూడా పసిగట్టే ఫొటోమల్టిప్లయర్ ట్యూబ్‌కి ఇంత నెగటివ్ వోల్టేజీ కావాలంటే, ప్లస్ వోల్టేజీని మైనస్‌గా మార్చే, ఒక్క ఇండక్టర్ ఉన్న ఇన్వర్టింగ్ కన్వర్టర్ సరిపోదు. స్విచ్ దాదాపు 99 శాతం సమయం ఆన్‌లోనే ఉండాల్సి వస్తుంది, ఆచరణలో అది కుదరదు. ముందు ట్రాన్స్‌ఫార్మర్‌తో 100 వోల్టుల పీక్ ఉన్న ఏసీ తయారుచేసి, దాన్ని డయోడ్‌లు, కెపాసిటర్లతో వోల్టేజీని పెంచే 5 దశల కాక్‌క్రాఫ్ట్-వాల్టన్ మల్టిప్లయర్‌కి ఇవ్వండి. ఒక్కో దశ పీక్‌కి రెట్టింపు, అంటే 200 వోల్టులు కలుపుతుంది. నెగటివ్ కోసం చేయాల్సిందల్లా డయోడ్‌లన్నిటినీ తిప్పి పెట్టడమే.

లోడ్ పడితే వోల్టేజీ తగ్గుతుంది. ఆ తగ్గుదల సుమారుగా దశల సంఖ్య ఘనం లెక్కన పెరుగుతుంది కాబట్టి దశలు పెంచకండి, ఫ్రీక్వెన్సీ పెంచండి.

పవర్ తీసేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది, జాగ్రత్త! ఆ చార్జ్‌ని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ తప్పకుండా పెట్టండి, మీటర్‌తో చూశాకే ముట్టుకోండి.