నడుముకు కట్టుకునే కంపన బెల్టు ఎముకల క్షీణతను ఆపగలదా?

పూర్తిగా ఆపలేదు కానీ, నెలసరి ఆగిపోయి ఎముకల సాంద్రత తగ్గడం మొదలైన స్త్రీలలో ఆ తరుగుదలను కొంత నెమ్మదింపజేయగలదు. ఎముక సజీవ కణజాలం కాబట్టి, తనపై పడే బరువునూ కుదుపునూ దాని లోపలి కణాలు పసిగట్టి కొత్త ఎముక ఏర్పడేలా చూస్తాయి. ఆ ఒత్తిడి కరవైతే, అంతరిక్షంలోని వ్యోమగాములకు జరిగినట్లే, ఉన్న ఎముక కూడా తరిగిపోతుంది. నడక వంటివి కలిగించే ఈ ప్రేరణనే బెల్టు సున్నితమైన కంపనాలుగా తుంటికీ వెన్నుకూ అందిస్తుంది.

ఉదాహరణకు, 2024 జనవరిలో అమెరికా ఔషధ, వైద్యపరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఆస్టియోబూస్ట్ అనే బెల్టును వైద్యుల చీటీపైనే ఇస్తారు. దాని పరీక్షలో వారానికి కనీసం 3 సార్లు వాడినవారి వెన్నుపూసల బలం ఏడాదిలో సుమారు 0.5 శాతం తగ్గగా, చికిత్సాస్థాయి కంపనం లేని బెల్టు ధరించినవారిలో 2.8 శాతం తగ్గింది. అంటే, వాడినవారిలోనూ నష్టం ఉంది.

పొట్ట తగ్గిస్తామంటూ అమ్మే వైబ్రేషన్ బెల్టులూ ఇదే పని చేస్తాయనుకోవడం పొరపాటు. వాటి కంపనాలు ఎముకల కోసం నిర్ణయించినవి కావు. ఆస్టియోబూస్ట్ సైతం ఎముకలు ఇప్పటికే గుల్లబారినవారికి మందులకు బదులుగా అనుమతి పొందినది కాదు. ఎముకలు విరగడం తగ్గుతుందని ఆ పరీక్ష నిరూపించనూ లేదు.