మూడు చక్రాల స్ట్రాలర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు చక్రాల స్ట్రాలర్ గురించి అడిగినవే ఎక్కువ, అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక మాట. చక్రాలు మూడా నాలుగా అన్నది తర్వాత ఆలోచించాల్సిన సంగతి. ఆ బండిని రోజూ ఏ దారిలో తోస్తారు, ఎవరు తోస్తారు, అందులో పడుకునే బిడ్డ వయసెంత, ఈ మూడూ ముందు తేల్చుకోండి.

ప్రశ్న: ఇంకో రెండు నెలల్లో మాకు బిడ్డ పుట్టబోతోంది. మా వారికి మూడు చక్రాల స్ట్రాలర్ బాగా నచ్చింది. మా అత్తగారేమో అది పక్కకి ఒరిగిపోతుంది, నాలుగు చక్రాలదే తీసుకోండి అంటున్నారు. ఇద్దరూ గట్టిగా చెబుతున్నారు, మధ్యలో నాకు టెన్షన్. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉందండీ, అందుకే మీ ఇంట్లో తేలడం లేదు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల బల్ల ఒక కాలు గాల్లో లేపి ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఊగదు. స్ట్రాలర్ సంగతీ అంతే. మూడు చక్రాలూ ఎప్పుడూ నేలను అంటుకునే ఉంటాయి కాబట్టి గతుకుల్లో, మట్టిలో, గడ్డి మీద సాఫీగా పోతుంది. ముందున్నది ఒక్క చక్రమే కాబట్టి ఒంటిచేత్తో కూడా సులువుగా తిప్పొచ్చు, ఫుట్‌పాత్ ఎక్కించాలంటే హ్యాండిల్‌ని కాస్త కిందికి నొక్కితే చాలు, ముందు చక్రం లేస్తుంది. మీ వారికి నచ్చింది బహుశా ఇదే.

కానీ ఊగకపోవడం వేరు, ఒరగకపోవడం వేరు. మూడు చక్రాల మధ్య నేల మీద ఉండేది త్రికోణం, వెనక వెడల్పుగా మొదలై ముందుకొచ్చేసరికి సన్నబడిపోతుంది. బిడ్డ పడిపోయిన బొమ్మ కోసం ముందుకీ పక్కకీ వంగినా, వెనక చక్రాల్లో ఒకటి గట్టు ఎక్కి రెండోది కిందే ఉండిపోయినా, వేగంగా పోతూ ఒక్కసారిగా మలుపు తిప్పినా బరువు ఆ త్రికోణం అంచు దాటే ప్రమాదం ఉంటుంది. నాలుగు చక్రాల బండికి ముందు రెండు మూలల్లోనూ ఆధారం ఉంటుంది. అక్కడ మీ అత్తగారి భయం సరైనదే.

అన్ని మూడు చక్రాల బండ్లూ ఒకేలా ఒరగవు. వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉండి, సీటు నేలకి దగ్గరగా ఉన్నది బాగా నిలబడుతుంది. సీటు ఎత్తుగా, వెనక ఇరుకుగా ఉన్నది చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. షాపులో ఖాళీ బండిని తోసి చూస్తే ఏమీ తెలియదు. పది కిలోల బరువున్న బ్యాగు ఏదైనా సీట్లో పెట్టి, బెల్టు బిగించి, బ్రేకు వేసి, ముందు మూల వైపు చేత్తో మెల్లగా నొక్కి చూడండి, వెనక చక్రం ఎంత తొందరగా లేస్తోందో మీకే అర్థమవుతుంది. తర్వాత బ్రేకు తీసి గట్టిగా మలుపులు తిప్పండి. రెండు మూడు బండ్లు ఇలా చూశారంటే తేడా చేతికే తెలిసిపోతుంది, అమ్మేవాళ్లు ఏం చెప్పినా పట్టించుకోనక్కర్లేదు.

ఇక మీ దారి సంగతి. పార్కులు, మట్టిబాటలు, పగిలిన ఫుట్‌పాత్‌ల మీద ఎక్కువగా నడిచేవాళ్లయితే మూడు చక్రాలది మీకు నిజంగా సుఖం. బస్సులు, లిఫ్టులు, ఇరుకు షాపుల్లో ఎక్కువగా తిరిగేవాళ్లయితే కష్టం, ఎందుకంటే ఇవి వెనక వెడల్పు ఎక్కువ, మడిచినా పెద్దగానే ఉంటాయి, చక్రాలు ఊడదీస్తే తప్ప కారు డిక్కీలో పట్టని రకాలూ ఉన్నాయి. చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది. కొన్ని మెట్ల పక్కన చక్రాల కోసం రెండు సన్నటి వాలు పట్టీలు మాత్రమే వేసి, మధ్యలో మెట్లు అలాగే వదిలేస్తారు. నాలుగు చక్రాల బండి వాటి మీద ఎక్కుతుంది, మూడు చక్రాల బండికి ముందు చక్రం సరిగ్గా మధ్యలో మెట్ల మీదికి వస్తుంది, ఎక్కదు. మీరు రోజూ వెళ్లే దారిలో అలాంటివి ఉంటే ఆ ఒక్క కారణంతోనే నాలుగు చక్రాలది తీసుకోండి. కొనే ముందు మీ ఇంటి గుమ్మం, లిఫ్టు తలుపు, కారు డిక్కీ టేపుతో కొలిచి ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: మేం చూసిన మూడు చక్రాల స్ట్రాలర్‌లో సీటు వెనక్కి వాలుతుంది. పుట్టిన రోజు నుంచే వాడుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్పారు. నమ్మొచ్చా?

జవాబు: సీటు కాస్త వాలడం వేరు, బల్లపరుపుగా పడుకోబెట్టగలగడం వేరు. పసిబిడ్డకి తల బరువు, మెడ కండరాలు ఇంకా గట్టిపడవు. సగం కూర్చున్నట్టు ఉంచితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి తగులుతుంది, అప్పుడు ఊపిరి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఏడవకుండా, చప్పుడు చేయకుండా జరిగిపోయే ప్రమాదం ఇది, కాబట్టి ఇక్కడ మాత్రం దయచేసి సర్దుకుపోవద్దు.

స్ట్రాలర్లకు యూరప్‌లో ఈఎన్ 1888 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆరు నెలల లోపు బిడ్డకు సరిపోతుందని చెప్పాలంటే సీటుకీ వీపు ఆనే భాగానికీ మధ్య కోణం కనీసం 150 డిగ్రీలు ఉండాలి. అమ్మేవాళ్ల నోటి మాట కాదు, బండితో వచ్చే పుస్తకంలో ఎన్ని నెలల నుంచి అని రాసి ఉందో చదవండి. ఆరు నెలల నుంచి అని ఉంటే ఆ సీటు ఆరు నెలల తర్వాతే. అప్పటిదాకా అదే ఫ్రేమ్ మీద బిగించే తొట్టి, అంటే క్యారీకాట్ దొరుకుతుందేమో చూడండి. అది కూడా బిడ్డ తనంతట తాను కూర్చోనంత వరకు, బోర్లా పడనంత వరకే, బరువు 9 కిలోలు దాటకుండా. కారులో పసిబిడ్డని కూర్చోబెట్టే సీటుని స్ట్రాలర్ ఫ్రేమ్ మీద బిగించే ఏర్పాటు సౌకర్యమే గానీ అందులో గంటల తరబడి నిద్రపుచ్చకండి, ఇంటికి చేరగానే తీసి చదునుగా పడుకోబెట్టండి.

ప్రశ్న: నాకు రోజూ పొద్దున్నే పరుగెత్తే అలవాటు. మా బాబుకి ఇప్పుడు నాలుగో నెల. మూడు చక్రాలది కొంటే వాణ్ణి కూడా వెంట తీసుకెళ్లొచ్చు కదా?

జవాబు: తీసుకెళ్లొచ్చు, ఇప్పుడే కాదు. ఆరు నెలల లోపు పరుగు వద్దే వద్దు, ఎనిమిది నెలలు ఆగమనే తయారీదారులూ చాలామంది ఉన్నారు. పరుగెత్తేటప్పుడు పడే కుదుపుల్ని తట్టుకోవాలంటే బాబుకి మెడ పూర్తిగా నిలవాలి, ఆసరా లేకుండా కూర్చోవడం రావాలి. మీ పిల్లల డాక్టరు గారు చూసి సరేనన్నాకే మొదలుపెట్టండి. అప్పటిదాకా నడకకి తీసుకెళ్లండి, అది కూడా వాడికి చదునుగా పడుకునే వీలుంటేనే.

రెండో సంగతి, మూడు చక్రాలున్నంత మాత్రాన అది పరుగుకి పనికొచ్చేది అయిపోదు. ఈ ఆకారం పరుగు కోసమే పుట్టిన మాట నిజం. 1980ల మొదట్లో అమెరికాలో ఫిల్ బేచ్లర్ అనే పత్రికా సంపాదకుడు తన కొడుకుని పరుగుకి వెంట తీసుకెళ్లాలని స్ట్రాలర్‌కి సైకిల్ చక్రాలు బిగించి చూశాడు, 1984లో అదే బేబీ జాగర్ అనే కంపెనీ అయింది. తర్వాత ఆ రూపం జనానికి నచ్చి మామూలు నడక బండ్లకీ వచ్చేసింది, ఇప్పుడు షాపుల్లో కనిపించే మూడు చక్రాల బండ్లలో చాలావాటి మీద పరుగుకి వాడవద్దని రాసే ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి.

పరుగు బండిని గుర్తుపట్టడానికి ముందు చక్రం చూడండి. అది ఎటూ తిరగకుండా నిటారుగా బిగిసిపోయే ఏర్పాటు ఉండాలి. అటూ ఇటూ తిరిగే చక్రం నడకలో ఎంత హాయిగా ఉంటుందో వేగంలో అంత ప్రమాదం, చిన్న రాయి తగిలినా వణుకుతూ ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది, బండి బోల్తా పడుతుంది. పరుగు మొదలుపెట్టే ముందు ప్రతిసారీ లాక్ వేయండి. చక్రాలు పెద్దవై ఉండాలి, వెనకవి 16 అంగుళాలవైతే మంచిది, గాలి టైర్లు, కుదుపుని మింగే సస్పెన్షన్ ఉండాలి. వాలులో వేగం తగ్గించడానికి హ్యాండిల్ దగ్గర చేతి బ్రేకు ఉంటే నిశ్చింత. బండికీ మీ మణికట్టుకీ కలిపే తాడు ఇస్తారు, మీరు కాలు మడతపడి పడిపోయినా బండి ముందుకి వెళ్లిపోకుండా కాపాడేది అదొక్కటే, దాన్ని వేలాడేసి వదిలేయకండి.

మీటతో చటుక్కున ఊడదీసే ముందు చక్రం విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2018లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఒక పెద్ద కంపెనీ మీద చర్యకి దిగింది, సరిగ్గా ఇలాంటి చక్రం నడుస్తూ ఉండగానే ఊడిపోయి పిల్లలకీ పెద్దలకీ దెబ్బలు తగిలాయన్నది ఆరోపణ. డిక్కీలోంచి తీసి చక్రం బిగించాక హ్యాండిల్ నొక్కి ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, చేత్తో పట్టుకుని లాగి చూడండి. కదిలినా, టకటకమన్నా బాబుని కూర్చోబెట్టకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగానికి వెళితే మనవరాలిని సాయంత్రాలు నేనే తిప్పాలి. నాకు మోకాళ్ల నొప్పులు, మణికట్టు కూడా అంతంత మాత్రమే. గాలి టైర్లది కొందామంటోంది. నేను నెట్టగలనా?

జవాబు: నెట్టడం కష్టం కాదు అమ్మమ్మ గారూ, ఎత్తడమే కష్టం. పెద్ద చక్రాలున్న మూడు చక్రాల బండి గతుకుల మీద చిన్న చక్రాల దానికన్నా తేలిగ్గా పోతుంది, మణికట్టు మీద భారం తక్కువ పడుతుంది. కానీ బండి బరువు తరచుగా 10 కిలోలు దాటుతుంది, దాంట్లో మనవరాలు అదనం. మీ ఇంటికి మెట్లుండి, ఎత్తిపెట్టే మనిషి పక్కన లేకపోతే వద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. లిఫ్టో, వాలు దారో ఉంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. హ్యాండిల్ ఎత్తు మార్చుకునే వీలుండాలి, మీరు నిటారుగా నిలబడితే చేతులు నడుము ఎత్తులో దాని మీద ఆనాలి. బ్రేకు కాలితో కిందికి నొక్కితే పడి, మళ్లీ నొక్కితే వచ్చే రకం ఎంచుకోండి, బొటనవేలితో పైకి ఎత్తాల్సినది చెప్పులు వేసుకున్నప్పుడు నొప్పి పుట్టిస్తుంది. కొనేటప్పుడు మీరు కూడా వెళ్లండి, మడిచి విప్పడం మీ చేతుల్తోనే చేసి చూడండి.

గాలి టైర్లు మెత్తగా పోతాయి, కానీ పంక్చర్లు అవుతాయి, గాలి తగ్గుతూ ఉంటుంది. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. ఆ పని చేసేవాళ్లు ఇంట్లో లేకపోతే లోపల ఫోమ్ నింపిన టైర్లది తీసుకోండి, కుదుపు కాస్త ఎక్కువ తెలుస్తుందంతే.

ప్రశ్న: మా పిన్ని కూతురు తన పిల్లాడికి వాడిన మూడు చక్రాల స్ట్రాలర్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: పాతదైనా తీసుకోవచ్చు, పరీక్షించి తీసుకోండి. మడిచే చోట లాక్ పూర్తిగా పడుతోందా, విప్పి నిలబెట్టాక హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపినా ముడుచుకోకుండా ఉందా అన్నది అన్నిటికన్నా ముందు. మడత కీళ్ల దగ్గర పిల్లల వేళ్లు నలిగే సందులున్నాయేమో చూడండి. 2009లో ఒక ప్రసిద్ధ కంపెనీ అమెరికాలో దాదాపు పది లక్షల స్ట్రాలర్లను ఈ కారణంగానే వెనక్కి పిలిచి, కీళ్లకి తొడుగులు ఇచ్చింది. కాబట్టి బండి అడుగున అంటించిన లేబుల్ మీద మోడల్ పేరు, తయారైన తేదీ చూసి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి పిలిచారేమో వెతకండి. బ్రేకు వేసి వాలులో నిలబెట్టి చూడండి. బెల్టు భుజాల మీదుగా, నడుము చుట్టూ, కాళ్ల మధ్య నుంచి వచ్చి ఒకచోట కలిసే ఐదు పట్టీలది అయి ఉండాలి, కుట్లు ఊడిపోకూడదు. గుడ్డ మాసిపోవడం, హుడ్ రంగు పోవడం పెద్ద విషయాలు కాదు, ఉతుక్కోవచ్చు. ఫ్రేమ్ వంగినా, పగిలినా మాత్రం మొహమాటపడకుండా వద్దని చెప్పండి, మీ చెల్లెలే కదా, అర్థం చేసుకుంటుంది.

ప్రశ్న: హ్యాండిల్‌కి సామాన్ల సంచి తగిలించుకోవచ్చా? ఎండలో పైన చున్నీ కప్పొచ్చా?

జవాబు: రెండూ వద్దు. బరువైన సంచి తగిలిస్తే బండి వెనక్కి తిరగబడుతుంది, ముఖ్యంగా బిడ్డని ఎత్తుకున్న క్షణంలో, సామాను సీటు కింది బుట్టలోనే పెట్టండి. గుడ్డ కప్పితే లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది, పల్చటి గుడ్డ అయినా సరే. పైగా బిడ్డ మీకు కనిపించదు. హుడ్ కిందికి లాగి, నీడన నడవండి.

ప్రశ్న: కొన్న కొన్నాళ్లకే మా మూడు చక్రాల బండి ఎడమ వైపుకి లాగుతోంది. పాడైపోయినట్టేనా?

జవాబు: పాడైనట్టు కాదు. మొదట వెనక టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి, ఎడమ టైరులో తక్కువైతే బండి అటే పోతుంది. గాలి సరిగ్గా ఉంటే ముందు చక్రం ఊడదీసి, ఇరుసు రెండు వైపులా గాడిలో పూర్తిగా కూర్చునేలా మళ్లీ బిగించండి. అప్పటికీ తగ్గకపోతే, పరుగు బండ్లలో చాలావాటికి ముందు చక్రం పక్కన చిన్న మర ఉంటుంది, చక్రాన్ని సరళరేఖలోకి తెచ్చేది అదే. ముందు చక్రానికి లాక్ వేసి, ఖాళీ బండిని చదును నేల మీద మెల్లగా ముందుకి తోసి వదిలి ఎటు పోతోందో చూడండి, ఆ మరని కొద్దికొద్దిగా తిప్పుతూ, తిప్పినప్పుడల్లా మళ్లీ తోసి చూసుకోండి. ఎటు తిప్పితే ఎటు సర్దుకుంటుందో బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది.