40 వోల్టులా, 80 వోల్టులా? ముందు మా సగం గుండు లాన్ కథ వినండి

డాలస్ శివార్లలో కొత్తగా ఇల్లు కొన్నాం, వెనక 1,200 చదరపు అడుగుల గడ్డి ఉంది, బ్యాటరీ లాన్ మోవర్ (గడ్డి కోసే మెషీన్) 40 వోల్టులది తీసుకోవాలా 80 వోల్టులదా అని మీరు అడిగారు. మాదీ ఆ చుట్టుపక్కలే, గడ్డి కూడా ఇంచుమించు అంతే. ఆరేళ్లుగా నేనే కోస్తున్నాను. మొదటిసారి తప్పు మెషీన్ కొన్నాను కాబట్టి చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

డబ్బా మీద 80 అని పెద్ద అంకె చూసి పడిపోయాను. అది ఫుల్ ఛార్జ్‌లో ఉన్నప్పటి మాట, పనిలోకి దిగాక 72. అలాగే 40 అంటే అసలు 36. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఆంప్ అవర్లు అని ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. రెండూ గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, బ్యాటరీలో ఎంత సరుకుందో చెప్పేది అదే. 72 వోల్టులు, 2 ఆంప్ అవర్లు అయితే 144. 36 వోల్టులు, 4 ఆంప్ అవర్లు అయినా 144. గిన్నెలో పిండి ఒకటే. నాలుగు పెద్ద ఇడ్లీలు వేశారా, ఎనిమిది చిన్నవి వేశారా అన్నదే తేడా.

నేను కొన్నది 80 వోల్టులది, 21 అంగుళాల వెడల్పు, దానంతటదే ముందుకు నడిచే రకం. బ్యాటరీ మాత్రం 2 ఆంప్ అవర్లు.

కొన్న మొదటి ఏడాది మే నెల. తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. ఆదివారం సత్యనారాయణ వ్రతం, నలభై మందిని పిలిచాం. అంతకుముందు పది రోజులుగా వాన. బెర్ముడా గడ్డి సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, నీళ్లూ ఎండా తగిలితే ఇక పట్టపగ్గాలుండవు. గురువారం హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరం కూడా వచ్చింది, గడ్డి ఎత్తు పెరిగిందని ఫొటోతో సహా. (వీళ్ల గురించి మొదలుపెడితే జవాబు పక్కదారి పడుతుంది. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం ఎండిపోయిందని కూడా ఒకసారి ఉత్తరం రాశారు. నెల నెలా డబ్బు కట్టి మరీ తిట్టించుకుంటున్నాం.)

శనివారం సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టాను. తడి గడ్డి, పిక్కల దాకా ఎత్తు, నేనేమో పని త్వరగా అయిపోతుందని బ్లేడును బాగా కిందికి దించాను. మెషీన్ మూలుగుతూ మూలుగుతూ పద్దెనిమిది నిమిషాలు నడిచి ఆగిపోయింది. ఎడమ సగం నున్నగా, కుడి సగం అడవిలా. నాన్న వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నారు. "ఒరేయ్, కల్యాణకట్టలో సగం గుండు గీసి, మిగతా సగానికి రేపు రమ్మన్నట్టుందిరా" అన్నారు.

బ్యాటరీ తీసి ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు మిణుకుమంటుందే తప్ప ఛార్జ్ ఎక్కదు. అప్పుడు తెలిసింది, బ్యాటరీ బాగా వేడెక్కి ఉంటే చల్లారేదాకా ఛార్జర్ దాన్ని ముట్టుకోదు. హాల్లో టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టాను. నాన్న తడి తువ్వాలు పట్టుకొచ్చారు, జ్వరమొస్తే నుదుటి మీద వేస్తాం కదా అని. పట్టుకుని ఆపాను.

ఈలోగా పక్కింటి పెద్దాయన మా అవస్థ చూసి తన పెట్రోల్ మోవర్ తోసుకొచ్చాడు. బ్యాటరీ బొమ్మలు ఎందుకు కొంటారయ్యా అన్నట్టు ఓ నవ్వు నవ్వి తాడు లాగాడు. లాగాడు, లాగాడు, ఏడుసార్లు లాగాడు. చలికాలమంతా ట్యాంకులోనే ఉండిపోయిన పెట్రోల్ పాడైపోయి కార్బ్యురేటర్‌లో జిగురు కట్టిందట. ఆయన తలవంచుకుని దాన్ని వెనక్కి తోసుకెళ్లిపోయాడు. పెట్రోల్ మెషీనే నయం అని మీకు ఎవరైనా చెబితే ఈ ముక్క గుర్తు చేసుకోండి. మిగతా సగం రాత్రి తొమ్మిదిన్నరకి కోశాను, మా ఆవిడ ఫోన్ టార్చ్ పట్టుకుంటే.

మరుసటి ఏడాది దాన్ని అమ్మేసి 40 వోల్టులది, 16 అంగుళాలది కొన్నాను. బ్యాటరీ 4 ఆంప్ అవర్లు. లెక్క చూడండి, అదే 144! అయినా ఇప్పుడు పనంతా అయ్యాక సగం ఛార్జ్ మిగులుతుంది. ఎందుకంటే బ్లేడు చిన్నది, మెషీన్ తేలిక, నేనే తోసుకుంటాను. వారం తప్పకుండా కోస్తాను, గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి తీయను. ఎప్పుడైనా పెరిగిపోతే ముందు బ్లేడు పైకి పెట్టి ఒకసారి, రెండు రోజులాగి దించి ఇంకోసారి. ఏటా ఫిబ్రవరిలో బ్లేడు సానబెట్టిస్తాను. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, పీకుతుంది. బ్యాటరీని తాగేదీ అదే. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేముందు మాత్రం బ్యాటరీ ఊడదీయండి, బద్ధకించొద్దు.

పెద్ద మెషీన్ ఎందుకు అవసరం లేదంటే, మీ 1,200 అడుగుల్లో 16 అంగుళాల బ్లేడుతో, వరస మీద వరస కాస్త ఎక్కినా, మీరు నడిచేది మొత్తం కలిపి వెయ్యి అడుగులే. మూడు వందల మీటర్లు. దానికి దానంతటదే నడిచే మెషీన్ కావాలంటే జిమ్ మెంబర్‌షిప్ క్యాన్సిల్ చేసుకోండి.

ఇంకో సంగతి, మీరు కొంటున్నది మెషీన్ కాదు, బ్యాటరీ కుటుంబం. రియోబీ కంపెనీ బ్యాటరీ ఈగో కంపెనీ మెషీన్‌లోకి ఎక్కదు. ఆ మాటకొస్తే రియోబీలోనే 18 వోల్టుల బ్యాటరీ 40 వోల్టుల మెషీన్‌కి పనికిరాదు. ఆకులు ఊదే బ్లోయరు, అంచులు కోసే ట్రిమ్మరు ఇంట్లో ఏవున్నాయో చూసుకుని అదే రకం తీసుకోండి. ఎండాకాలం బ్యాటరీని గరాజ్‌లో వదలకండి. ఆగస్టులో మన గరాజ్‌లో అప్పడాలు ఎండుతాయి, లిథియం ఆ వేడికి త్వరగా ముసలిదైపోతుంది. మాది పూజ గది పక్కన అల్మారాలో ఉంటుంది.

హైదరాబాద్ నుంచి మా బావమరిది కూడా ఇదే అడిగాడు, "బావా, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అని. 40 వోల్టుల్లో 5 ఆంప్ అవర్ల బ్యాటరీ అంటే 180 వాట్ అవర్లు, 160 దాటితే ప్యాసింజర్ విమానం ఎక్కనివ్వరు, పైగా ఇక్కడి ఛార్జర్ 120 వోల్టులది, మీ ప్లగ్గులో పెడితే కాలిపోతుంది అని చెప్పాను. అసలు నీ గడ్డి ఎంత అంటే రెండు వందల అడుగులట. దానికి పెద్ద కత్తెర చాలురా అన్నాను. పదిహేను రోజులు ఫోన్ చేయలేదు.