గల్లీ పెరిగింది, గడప దిగింది

ప్రశ్న: చార్మినార్ దగ్గర గల్లీలో మాది తాతల నాటి ఇల్లు. రాయి, సున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడలు. మూడేళ్ల కింద వీధివైపు గోడకు సిమెంటు గిలాబు చేయించాం. ఇప్పుడు నడుమెత్తు దాకా నెమ్ము, తెల్లటి ఉప్పు. ముట్టుకుంటే పెచ్చులు రాలుతున్నాయి. వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే ఆగుతుందా? వాకిలి పైరాతి మీద ఉర్దూ అంకెల్లో 1318 అని ఉంది. ఇల్లు ఆ ఏడాదే కట్టారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దయచేసి ఆ పూత వేయించకండి. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన తడిని గాలికి వదిలేస్తూ ఉంటుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. బయటికి రాలేని తడి పైకి పాకుతుంది, దాంతో వచ్చిన ఉప్పు గిలాబు వెనక గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. పూత వేస్తే ఇప్పుడు నడుమెత్తున్న నెమ్ము రేపు కిటికీ దాకా వస్తుంది.

ముందు గడప చూడండి. పాతబస్తీ గల్లీల్లో రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ రావడంతో చాలా ఇళ్ల గడపలు వీధికన్నా కిందికి దిగిపోయాయి. వాననీళ్లు గోడ మొదట్లో నిలుస్తుంటే, వాటికి వాలు, మోరీ దారి చూపించనిదే ఏ గిలాబూ నిలవదు.

తర్వాత సిమెంటును నెమ్ము గీతకు అడుగున్నర పైదాకా ఉలితో కొట్టించండి. డ్రిల్లింగ్ మిషన్ వద్దు, లోపలి రాళ్లు కదులుతాయి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. గోడను ఒక ఎండాకాలమంతా ఆరనివ్వండి. చాలామంది తొందరపడి చెడగొట్టేది ఇక్కడే.

ఆరాక సున్నపు గిలాబే వేయించండి. దానికి రాతి సున్నాన్ని తొట్టిలోని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే చిమ్మి కళ్లు పోతాయి. వడకట్టి, నీళ్ల కిందే కనీసం నెల ఉంచాలి. సరిగా నానని పలుకు గోడెక్కాక ఉబ్బి, గిలాబును పొక్కులా లేపుతుంది. ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్ఖీ (ఇటుక పొడి), రెండు పాళ్లు కడిగిన ఇసుక కలపండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రీ దొరికితే మంచిదే, ముందు ఒక గజం మేర వేసి చూడండి.

గోడ తడిపి, మొదటి పొర అర అంగుళం మించకుండా వేసి గీతలు గీయాలి. వారం పాటు తడి గోనెపట్టా కప్పి ఉంచి, ఆపైన పలుచటి రెండో పొర. ఎండ నేరుగా పడితే బీటలు వారుతుంది. పైన వెల్ల మాత్రమే, ప్లాస్టిక్ రంగు వేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని హద్దు నుంచి 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ ఇల్లు ఈ పరిధిలోకి వస్తే మరమ్మతుకూ ముందుగా అనుమతి తీసుకోండి.

ఇక 1318. అంకె పక్కన ‘ఫే’ అక్షరం ఉంటే ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన ఏడాది లెక్క: 590 కలపండి, 1908 అక్టోబరు నుంచి 1909 అక్టోబరు మధ్య. అంటే మూసీ వరద వచ్చిన కొద్ది రోజులకే మొదలైన ఏడాది. ‘హే’ ఉంటే హిజ్రీ, 1900–01. ఏదైనా అది ఆ వాకిలి వయసే; గోడలు అంతకన్నా పాతవి కావచ్చు. పని మొదలుపెట్టే ముందు ఆ రాతికి గుడ్డ చుట్టించండి, సున్నం చుక్కలు పడితే అక్షరాలు పూడిపోతాయి.