టెక్ సందేహాలు: "దీపం పెట్టు" అంటే ఫోన్ లైటు వెలగాలి

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా అత్తగారు రాత్రిళ్లు కింద గదిలో ఒక్కరే పడుకుంటారు. కరెంటు పోతే చీకట్లో ఫోన్ తీసి, తెర పైనుంచి కిందికి లాగి, టార్చ్ గుర్తు వెతుక్కోవడం ఆవిడ వల్ల కావడం లేదు. 'దీపం పెట్టు' అని తెలుగులో అంటే లైటు వెలిగేలా చేయొచ్చా? ఆండ్రాయిడ్ ఫోన్. ప్లే స్టోర్‌లో వాయిస్ టార్చ్ యాప్‌లు చాలా కనిపిస్తున్నాయి, ఏది వేయమంటారు?"

అమ్మా, యాప్ ఏదీ వేయకండి. మీకు కావలసింది ఆ ఫోన్‌లో ఇప్పటికే ఉంది. ముందు ఫోన్ చేతిలోకి తీసుకుని "హే గూగుల్, టర్న్ ఆన్ ద టార్చ్" అనండి. చాలా ఫోన్లలో వెంటనే వెలుగుతుంది. వెలగకపోతే హే గూగుల్ ఆఫ్‌లో ఉందని అర్థం. గూగుల్ యాప్ తెరిచి, మీ ఫొటో మీద నొక్కి, సెట్టింగ్స్‌లో గూగుల్ అసిస్టెంట్‌లోకి (మన మాట విని పని చేసిపెట్టేది ఇదే) వెళ్తే వాయిస్ మ్యాచ్ కనిపిస్తుంది. అది ఆన్ చేయగానే ఫోన్ కొన్ని మాటలు పలకమంటుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. సెట్ చేసేది కోడలో మనవడో కాబట్టి వాళ్లే చకచకా పలికేస్తారు. ఫోన్ వాళ్ల గొంతునే గుర్తుపెట్టుకుంటుంది. ఆ మాటలు అత్తగారితోనే పలికించండి. పళ్ల సెట్టు తీసి పడుకునే అలవాటుంటే, అది తీశాక పలికించండి. అర్ధరాత్రి ఫోన్ వినేది ఆ గొంతునే.

ఇక తెలుగు మాట సంగతి. అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో రొటీన్స్ అని ఉంటుంది. మనం ఒక మాట అంటే ఫోన్ ఒక పని చేసేలా ముడివేసే చోటు అది. కొత్త రొటీన్ మొదలుపెట్టి, నేను అసిస్టెంట్‌తో ఇలా అన్నప్పుడు అనే అర్థం వచ్చే మొదటి ఆప్షన్ ఎంచుకుని, అక్కడ మన మాట టైప్ చేయాలి. తర్వాత యాక్షన్ దగ్గర, సొంతంగా రాసుకునే గడిలో "టర్న్ ఆన్ ద ఫ్లాష్‌లైట్" అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి సేవ్ చేస్తే సరి.

చిక్కంతా ఆ మొదటి గడిలోనే ఉంది. అసిస్టెంట్ భాష ఇంగ్లిష్‌లో ఉంటే, మనం తెలుగులో ఏం పలికినా ఇంగ్లిష్ మాటే అనుకుని వింటుంది. మా అమ్మ ఫోన్‌లో ఇది పెట్టేటప్పుడు నేను ముందు శుద్ధంగా "దీపం పెట్టు" అని టైప్ చేశాను. అమ్మ నాలుగు సార్లు అన్నా ఫోన్ కదల్లేదు. అప్పుడు గూగుల్ సెర్చ్‌లో మైక్ నొక్కి అదే మాట అనమన్నాను. తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి "దీపం పేట్" అనీ ఇంకోసారి "దీపక్ పెట్టు" అనీ పడింది. ఫోన్ చెవికి వినిపిస్తున్నది అదన్నమాట. ఆ రెండు స్పెల్లింగులనూ ఉన్నవి ఉన్నట్టే రొటీన్‌లో చేర్చాను. ఒకే రొటీన్‌కి రెండు మూడు మాటలు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత మొదటి పిలుపుకే లైటు వెలిగింది. మీరూ అంతే చేయండి. మనం ఎలా రాస్తామన్నది కాదు, ఫోన్‌కి ఎలా వినిపిస్తోందో అది టైప్ చేయండి.

ఆపడానికి ఇంకో రొటీన్ కావాలి. దానికి "దీపం ఆపు" అని పెట్టకండి. రెండు మాటలూ దీపం అనే మొదలై, చివర కూడా దగ్గర దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి ఫోన్ తికమక పడుతుంది. పైగా పెద్దవాళ్లు దీపం ఆపు, దీపం ఆర్పు అనే మాట నోటివెంట రానివ్వరు. మా అమ్మే చెప్పింది, "దీపం కొండెక్కించు అని పెట్టరా" అని. కొండెక్కించు అనేది పొడుగు మాట, పెట్టు అనే మాటతో ఎక్కడా కలవదు. ఫోన్ ఎలా విన్నదో చూసుకుని ఆ స్పెల్లింగే పెట్టాను. వారం రోజులుగా ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఆవిడకి అలవాటైన మాట కాబట్టి గుర్తుపెట్టుకోవలసిన పనీ లేదు. మీ అత్తగారు మామూలుగా ఏమంటారో కనుక్కుని ఆ మాటే పెట్టండి. ఒక్కటే జాగ్రత్త, వట్టి "లైటు" అని పెట్టొద్దు. ఇంట్లో గూగుల్‌కి కలిపిన స్మార్ట్ బల్బులుంటే అది టార్చ్ అనుకోదు, బల్బు సంగతి చూస్తుంది.

మీ ఫోన్‌లో అసిస్టెంట్ స్థానంలో గూగుల్ వాళ్లదే కొత్త ఏఐ సహాయకం జెమిని వచ్చేసి ఉండొచ్చు. జెమిని యాప్ 2024 జూన్‌లో మన దేశంలోకి వచ్చినప్పుడే తెలుగుతో సహా 9 భారతీయ భాషలతో వచ్చింది. "టార్చ్ వెయ్యి" అని మామూలుగా అడిగి చూడండి. అర్థం చేసుకుంటే రొటీన్ల పని లేదు. శామ్‌సంగ్ ఫోన్ అయితే ఆ కంపెనీ సొంత అసిస్టెంట్ బిక్స్‌బీలో క్విక్ కమాండ్స్ అని ఉంటుంది. పద్ధతి దాదాపు ఇదే.

ఇప్పుడు అసలు పరీక్ష. పగలు, వైఫై ఉండగా, మీరు పక్కన నిలబడి చూస్తే అన్నీ పనిచేస్తాయి. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. లైట్లతో పాటు వైఫై రూటర్ కూడా ఆగిపోతుంది. పెద్దవాళ్ల ఫోన్లలో డబ్బులు ఖర్చవుతాయని మొబైల్ డేటా ఆపేసి ఉంచుతాం. అసిస్టెంట్ చాలా పనులకి ఇంటర్నెట్ మీదే ఆధారపడుతుంది. కాబట్టి సరిగ్గా అవసరమైన నిమిషంలోనే నెట్ లేదని చెప్పి చేతులెత్తేయొచ్చు. ఈ జవాబు రాసేముందు మా ఇంట్లో రాత్రి మెయిన్ స్విచ్ దింపి చూశాను. మొదటి పిలుపుకి కనెక్షన్ లేదన్నది. మొబైల్ డేటా ఆన్ చేసి పెట్టి మళ్లీ మెయిన్ దింపితే, ఫోన్ వైఫై వదిలి డేటా పట్టుకోవడానికి కొద్ది క్షణాలు తీసుకుంది, ఆ తర్వాత పలికింది. మీరూ ఒక రాత్రి ఇలాగే మెయిన్ దింపి, అత్తగారిని మంచం మీద నుంచే పిలవమనండి. దానికి ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి కూడా చూడండి. నెట్ లేకుండానే టార్చ్ వెలిగే ఫోన్ అయితే మీకు టెన్షనే లేదు.

రెండోది బ్యాటరీ సేవర్. అది ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లలో హే గూగుల్ వినడం ఆపేస్తుంది. ఛార్జింగ్ 20 శాతానికి రాగానే తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టుకున్న ఫోన్లు చాలా ఉంటాయి. గూగుల్ యాప్ వివరాల్లోకి వెళ్లి బ్యాటరీ దగ్గర ఆంక్షలు తీసేయండి. కొన్ని కంపెనీల ఫోన్లు కాసేపు వాడని యాప్‌లను వెనకాల ఆపేస్తుంటాయి, అందులో ఇది కూడా పోతుంది. తెర ఆరిపోయి, లాక్ పడి ఉన్నప్పుడు పిలిచి చూడటం మరిచిపోవద్దు. లాక్ ఉన్నప్పుడు అసిస్టెంట్ పలకాలా వద్దా అనే సెట్టింగ్ విడిగా ఉంటుంది.

ఫోన్‌ని దిండు కింద పెట్టుకుంటే మైక్ మూసుకుపోతుంది. లైటు వెలిగినా పరుపులోకే పోతుంది, వేడి కూడా. మంచం పక్కన స్టూలు మీద ఫోన్‌ని బోర్లా పెట్టమనండి. టార్చ్ ఫోన్ వీపున ఉంటుంది కదా, కాంతి నేరుగా పైకప్పుకి తగిలి గదంతా పరుచుకుంటుంది. కళ్లలో పడదు, చేతిలో పట్టుకోనక్కర్లేదు, గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా నడవడానికి ఆ వెలుతురు చాలు. చీకట్లో మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య ఆ పది అడుగుల్లో పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

యాప్‌లు ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. ఒకప్పుడు చాలా స్మార్ట్‌ఫోన్లలో టార్చ్ బటన్ ఉండేది కాదు. ఆండ్రాయిడ్‌లో అది 2014లో, 5.0 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు అందరం యాప్‌లే వేసుకున్నాం. అప్పట్లో కోట్లమంది వేసుకున్న బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అనే యాప్ ఉండేది. ఫోన్ ఎక్కడుందో, ఆ ఫోన్ గుర్తింపు నంబర్ ఏమిటో ప్రకటనల సంస్థలకు చేరవేస్తూ, ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పలేదని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013 డిసెంబరులో దాని తయారీదారుపై చర్య తీసుకుంది. అది మామూలు టార్చ్ యాప్. మాటతో వెలిగే యాప్‌కి మైక్ కూడా ఇవ్వాలి, అదీ రాత్రీ పగలూ. ఒక పెద్దావిడ పడకగదిలో ఎవరో ముక్కూ మొహం తెలియని యాప్‌కి మైక్ తెరిచిపెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఇప్పటికే వేసి ఉంటే తీసేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ అయినా మైక్ వాడుతుంటే తెర పైన కుడి మూల ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. దాని మీద ఓ కన్నేసి ఉంచండి.

హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి: "నాది ఐఫోన్. సిరిని ఇంగ్లిష్‌లో అడిగితే టార్చ్ వేస్తుంది. హే సిరి అనకుండా, నాకు నచ్చిన తెలుగు మాటతో కుదురుతుందా?"

కుదురుతుంది. ఈ విషయంలో ఐఫోన్ వాళ్ల పనే తేలిక. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో వోకల్ షార్ట్‌కట్స్ అని ఇచ్చారు. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలో ఉంటుంది. మాట స్పష్టంగా రానివారి కోసం తెచ్చిన సదుపాయం ఇది, కానీ ఎవరైనా వాడుకోవచ్చు. ముందు షార్ట్‌కట్స్ యాప్‌లో సెట్ ఫ్లాష్‌లైట్ అనే యాక్షన్‌తో ఒక షార్ట్‌కట్ తయారు చేయండి. తర్వాత వోకల్ షార్ట్‌కట్స్‌లో దాన్ని ఎంచుకుని, మీ మాట టైప్ చేసి, మూడు సార్లు పలకండి. మీరు పలికిన తీరునే ఫోన్ నేర్చుకుంటుంది. అందుకే తెలుగు మాటైనా, మీ ఊరి యాసైనా ఇబ్బంది ఉండదు. హే సిరి అనక్కర్లేదు. మరీ చిన్న మాట పెట్టుకుంటే క్లాసులో ఎవరో అన్నా వెలుగుతుంది. రోజువారీ మాటల్లో దొర్లనిది, నాలుగైదు అక్షరాలైనా ఉన్నది చూసుకోండి.

పైన బోర్లా పెట్టమన్నానే, ఐఫోన్‌లో దానికో మెలిక ఉంది. బోర్లా ఉన్నా, ఏదైనా కప్పి ఉన్నా హే సిరికి ఐఫోన్ పలకదు. యాక్సెసబిలిటీలో సిరి దగ్గర ఎప్పుడూ వినమనే ఆప్షన్ ఆన్ చేస్తే అప్పుడు పలుకుతుంది. వోకల్ షార్ట్‌కట్‌ని కూడా మీరు ఫోన్ ఎలా పెడతారో అలాగే పెట్టి, లాక్ చేసి చూసుకోండి.

కర్నూలు జిల్లా నుంచి ఒక రైతు: "రాత్రి మోటారు వేయడానికి పొలం వెళ్తాను. ఒక చేతిలో కర్ర, ఇంకో చేత్తో స్టార్టర్ డబ్బా తెరవాలి. మాటతో లైటు వెలిగితే బాగుంటుంది. కానీ గాలికి, పక్క మోటార్ల చప్పుడుకి ఫోన్ వినడం లేదు."

అన్నా, మీకు మాట కన్నా చేతి విసురు నయం. మోటరోలా ఫోన్ అయితే చేతిలో పట్టుకుని కొడవలి విసిరినట్టు గబగబా రెండుసార్లు కిందికి విసిరితే టార్చ్ వెలుగుతుంది, మళ్లీ విసిరితే ఆగుతుంది. గూగుల్ వాళ్ల పిక్సెల్ ఫోన్‌లో క్విక్ ట్యాప్ అని ఉంది. ఆండ్రాయిడ్ 13 నుంచి, ఫోన్ వీపు మీద రెండుసార్లు తడితే టార్చ్ వెలిగేలా అందులో పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో బ్యాక్ ట్యాప్ కూడా ఇలాంటిదే. వేరే కంపెనీ ఫోన్ అయితే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో జెస్చర్ అని కొట్టి చూడండి.

అయితే మీరు రాసింది చదివాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. స్టార్టర్ దగ్గరికి ఫోన్ లైటుతో వెళ్లకండి. జేబులో పెట్టిన ఫోన్ వెలుగు మీ పాదాల ముందు పడదు. పాము ఉండేది అక్కడే. చేత్తో పట్టుకుంటే తడి చేతుల్లో జారుతుంది, దాన్ని పట్టుకోబోయి ఇంకో చెయ్యి తీగల మీద పడొచ్చు. తలకి కట్టుకునే ఛార్జింగ్ లైటు కొనుక్కోండి. మీరు ఎటు చూస్తే అటే వెలుగు పడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఫోన్ టార్చ్‌ని ఆ లైటు ఛార్జింగ్ అయిపోయిన రోజుకి ఉంచుకోండి.

విజయనగరం నుంచి ఒకరు: "నాన్నకి వినికిడి తగ్గింది. ఫోన్ మోగితే వినిపించడం లేదు. కాల్ వచ్చినప్పుడు టార్చ్ మిణుకుమిణుకుమనేలా పెట్టొచ్చా?"

పెట్టొచ్చు, దీనికీ యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 14, ఆ పై వెర్షన్లలో సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్తే ఫ్లాష్ నోటిఫికేషన్స్ ఉంటుంది. టార్చ్ మెరవాలా, తెర రంగుతో వెలగాలా, రెండూనా అని అడుగుతుంది. తెర వెలుగు కూడా ఆన్ చేయండి, ఫోన్ వెల్లకిలా ఉన్నప్పుడు టార్చ్ కనిపించదు కదా. ఐఫోన్‌లో ఇదే యాక్సెసబిలిటీలో ఆడియో, విజువల్ అనే చోట అలర్ట్స్‌కి ఎల్ఈడీ ఫ్లాష్ అని ఉంటుంది. మెరుపులు చూస్తే మూర్ఛ వచ్చే జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఇది ఆన్ చేయకండి. అప్పుడు వైబ్రేషన్ పెట్టి, ఫోన్‌ని నాన్నగారి చొక్కా జేబులో ఉంచడమే మంచిది.